ఎవరి అతిథి? – నిజాము రాజ్యపు బాటలలో తృతీయ ప్రకృతివారు

మన నాందేడు యాత్రికుల ఊరు. సిక్కుల పదవ గురువు గోవింద సింగు 1708లో ఈ గోదావరి యొడ్డుననే దేహము చాలించెను. పంజాబునుండి హుజూర్ సాహెబునకు వచ్చువారును, మాహూరు రేణుకాదేవిని సేవింప పోవువారును, బిడ్డలకు అక్షరాభ్యాసము చేయింప ధర్మాబాదు మీదుగా బాసరకు పోవువారును ఏడాది పొడుగున మన స్టేషనులో దిగుచునే యుందురు. బిలోలి, దేగ్లూరు, కిన్వటు ప్రాంతములలోను, ఈ పట్టణములోను తరతరములుగా కాపురమున్న మన తెలుగు కుటుంబములకు అతిథి యనిన క్రొత్త కాదు. ఒకప్పుడు మన పెద్దలును పొట్ట చేతబట్టుకొని ఈ ఊరు చేరినవారే గదా!

ఊరు కాని ఊరికి పోయిన మనిషి క్షేమముగా తిరిగి వచ్చుటకు ఏమి కావలెను? చేతిలో కొంత రొక్కము, తెలిసిన దారి, నాలుగు మాటల భాష – ఇవి అందరును చెప్పునవే. వీటికంటె ముఖ్యమైనది మరొకటి కలదు. "ఎవరింటికి వచ్చినారు?" అని ఊరివారు అడిగినప్పుడు చెప్పుటకు ఒక పేరుండవలెను. ఆ పేరున్నవానికి మంచినీళ్లు, చాప, మంచి మాట దొరకును. లేనివానిని కుక్కలు సైతము అనుమానించును. ఈ సత్యము మనలో ఎవరికంటెను ఎక్కువగా ఒక తెగవారి బ్రదుకులలో రుజువైనది. వారి సంగతి మన సంచికలలో సాధారణముగా రాదు. 1948 వరకు ఈ జిల్లా నిజాము రాజ్యములోనిది కావున, ఆ చరిత్ర మన చరిత్రయే.

వారిని సంస్కృతమున తృతీయా ప్రకృతి యనిరి. తెలుగు కావ్యములలో పేడి యని పేరు. మహారాష్ట్రులు తృతీయపంథీ యందురు, ఉర్దూలో హిజ్రా, నేటి చట్టములలో ట్రాన్స్‌జెండరు. ఇక మన వాడుకలో తిట్టుగా మిగిలిన కొజ్జా అను మాటకు మూలము ఖ్వాజా. పారసీకమున ఖ్వాజా యనగా ప్రభువు, పూజ్యుడు. సుల్తానుల అంతఃపురములను, ఖజానాలను కాచిన నపుంసకులకు ఖ్వాజాసరా యను బిరుదుండెను. ఒక గౌరవవాచకము మన నోట బడి తిట్టుగా మారినది! వీరుగాక, వేషమున ఏ భేదమును కానరాక, తమ జాతివారినే ప్రేమించు పురుషులును స్త్రీలును కలరు. ఈ రెండు తెగలును ఒకటి కావు. అయినను లోకము ఇరువురిని ఒక్క త్రాసుననే తూచుచు వచ్చినది గనుక ఇక్కడ ఇరువురి మాటయు వచ్చును.

పరదేశమున పేడి క్షేమముగా ఉండుటకు మన సాహిత్యమున తొలి ఉదాహరణము తిక్కనగారు తెనిగించిన విరాటపర్వమే. అర్జునుడు బృహన్నలయై మత్స్యదేశమున ఒక సంవత్సరము గడపెను. బయలుదేరకముందే, తన్ను ఎవరని అడిగినచో ధర్మరాజు నగరున ద్రౌపదిని కొలిచితినని చెప్పుకొందునని అతడు అన్నలతో ఆలోచించుకొనెను. అనగా చెప్పుటకొక పేరు ముందే సిద్ధపరచుకొనెను! విరాటుడు ఆ పేడిని వెడలగొట్టలేదు. కూతురు ఉత్తరకు ఆటపాటలు నేర్పు పని యిచ్చెను. పిల్లలకు ఈ కథ చెప్పునప్పుడు మనము ఉత్తర గోగ్రహణమునకు తొందరపడి, ఈ సంగతిని దాటిపోవుచుందుము.

చరిత్రలోనికి వత్తము. 1310లో ఓరుగల్లును ముట్టడించి ప్రతాపరుద్రునిచేత కప్పము కట్టించిన మాలిక్ కాఫూరు, అలావుద్దీను ఖిల్జీ కొలువులోని నపుంసక దాసుడు. సైన్యము వెంట నడచువానిని ఎవరింటికి వచ్చితివని అడుగువారుండరు. అది కత్తి ఇచ్చిన క్షేమము. దానిని గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. సామాన్యుల సంగతి వేరు.

సామాన్య హిజ్రాలు తమ క్షేమమును తామే ఏర్పరచుకొనిరి. గురువు, చేలా, గురువునకు గురువు – ఈ వరుసలతో వారు వంశములవంటి ఇండ్లను కట్టుకొనిరి. హైదరాబాదులోని హిజ్రాల జీవితమును గూర్చి గాయత్రీ రెడ్డిగారు 2005లో ఒక గ్రంథము ప్రకటించిరి. అక్కడి ఇండ్లలో రెండింటికి షహర్‌వాలే, లష్కర్‌వాలే యని పేర్లు. షహరు మూసీ యొడ్డున ఉన్న పాత నగరము, లష్కరు సికింద్రాబాదు. పరాయి ఊరినుండి వచ్చిన హిజ్రా తన గురువు పేరు, ఇంటి పేరు చెప్పుకొనిన చాలును, ఆ ఊరి హిజ్రాల యింట చోటు దొరకును. ఒకరి వీథిలో మరియొకరు అడుగుట తప్పు. అందుకు పంచాయితీ, జరిమానా కలవు. వారిలో వారికి ఫార్సీ యను మరుగు భాష యొకటి కలదు. పేరు ఫార్సీయే గాని అది పారసీకము కాదు. పదిమందిలో ప్రమాదము తోచినచో ఒకరినొకరు హెచ్చరించుకొనుటకు అది పనికివచ్చును. పెండ్లి యింటికి, బిడ్డ పుట్టిన యింటికి పోయి దీవించి కానుక పుచ్చుకొనుట వారి వృత్తి. ఆ చీర, ఆ గాజులు, ఆ చప్పట్లే వారికి గుర్తింపు చీటి. వాటిని చూచి తలుపు తీయు ఇల్లాండ్రు ప్రతి ఊరిలోను ఉండిరి. వారిని ఆ గృహిణులు ప్రేమించిరని మేము చెప్పలేము. శాపమునకు వెరచి ఇచ్చినవారే ఎక్కువమంది. కాని వెరపుతోనైనను చోటిచ్చిరి.

ఈ ఏర్పాటుపై దెబ్బ చట్టము రూపమున వచ్చినది. ఇంగ్లీషువారు 1871లో నేరస్థ జాతుల చట్టము చేసినప్పుడు అందులో ఒక భాగమును నపుంసకులకు కేటాయించిరి. నిజాము రాజ్యము దానినే పోలిన చట్టమును 1329 ఫసలీలో, అనగా 1919లో, చేసినది. దాని ప్రకారము హైదరాబాదు నగరమందును, ప్రభుత్వము ప్రకటించు ఇతర స్థలములందును నివసించుచు, బాలురను ఎత్తుకొనిపోవుదురనియో, ప్రకృతివిరుద్ధ నేరములు చేయుదురనియో అనుమానింపబడిన నపుంసకుల పేర్లు ఒక రిజిస్టరులో ఎక్కింపబడవలెను. అట్లు పేరెక్కినవారు ఆడుదుస్తులుగాని నగలుగాని ధరించి వీథిలో కనబడినను, వీథినుండి కనబడు చోట నిలిచినను, బహిరంగ స్థలమున ఆడినను పాడినను, వారంటు లేకయే పట్టుకొనవచ్చును. శిక్ష రెండు సంవత్సరముల వరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును. పదునారేండ్ల లోపు బాలుడు వారి యింట నుండుటయు నేరమే.

మేము గుమాస్తా ఉద్యోగమున రిజిస్టర్ల నడుమ తల నెరసినవారము. రిజిస్టరులో ఒక పేరు ఎక్కించుటకు నిమిషము చాలును. దానిని కొట్టివేయించవలెనన్న దరఖాస్తు, విచారణ, పై అధికారి సంతకము కావలెను. అన్నియు అయిన పిమ్మట కూడ, కొట్టివేసిన గీత క్రింద ఆ పేరు కనబడుచునే యుండును. ఈ రిజిస్టరులో చేరుటకు నేరము రుజువు కానక్కరలేదు, అనుమానము చాలును. ఒక చీర కట్టుకొని ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవు మనిషికి దీని అర్థమేమి? నిన్నటివరకు తలుపు తీయించిన గుర్తులే నేడు జవానుకు సాక్ష్యములైనవి. మన్మాడునుండి నాందేడు మీదుగా సికింద్రాబాదునకు రైలుదారి అప్పటికే పడియున్నది. టిక్కెట్టు కొనినవారిని రైలు మోసికొనిపోవును గాని, దిగిన తరువాత క్షేమమునకు రైలు పూచీపడదు. లష్కరు ఆ కాలమున ఇంగ్లీషువారి అధికారము క్రింద నుండినందున, హుస్సేను సాగరు గట్టునకు ఈవల ఒక చట్టము, ఆవల మరియొకటి.

ఇదే కాలమున నాటకశాలలో ఏమి జరుగుచుండెనో చూడుడు. మరాఠీ రంగస్థలమున బాలగంధర్వులు, అనగా నారాయణ శ్రీపాద రాజహంసగారు, స్త్రీ పాత్రలు ధరించి నిలుచుండగా, ఆయన చీరకట్టును చూచి కులస్త్రీలు కట్టు నేర్చుకొనిరని పెద్దలు చెప్పుదురు. మన తెలుగున స్థానం నరసింహారావుగారు శ్రీకృష్ణతులాభారమున సత్యభామయై జనులను మురిపించిరి. ఆయనకు 1956లో పద్మశ్రీ, బాలగంధర్వులకు 1964లో పద్మభూషణము లభించినవి. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1970లో పద్మశ్రీ వచ్చెను. నటుడు వేషము విప్పి పురుషుడై యింటికి పోవును, హిజ్రాకు అది వేషము కాదు, కావున ఇరువురిని పోల్చరాదని కొందరందురు. ఆ భేదము మాకును తెలియును. అయినను ఒకే దేశమున, ఒకే దశాబ్దములో, పురుషశరీరముపై ఉన్న అదే చీర పందిరిలోపల కళ యనిపించుకొని, పందిరి వెలుపల ఖైదునకు కారణమగుట మాత్రము చిత్రమే. పందిరిలోని నటుని పిలిపించిన ధనికుడొకడుండెను. భోజనము, బస ఆయనవే. వీథిలోని మనిషికి అట్టి పేరు లేదు.

ఇంతకంటెను స్పష్టమైన ఉదాహరణము విదేశీయుడైన ఒక అతిథిది. ఇంగ్లీషు నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టరు పేరు మన చదువుకొన్న పిల్లలు వినియే యుందురు. ఆయన 1879లో పుట్టి 1970లో మరణించెను. పురుషులనే ప్రేమించు ప్రకృతి ఆయనది. ఆయన దేశమున 1885 నాటి చట్టము ప్రకారము అది కారాగారమునకు తగిన నేరము. ఆస్కారు వైల్డు అను ప్రసిద్ధ రచయితను 1895లో ఆ చట్టము క్రిందనే రెండేండ్లు కఠినశిక్షకు పంపిరి. ఇంగ్లండున 1967 వరకు ఆ భయము తీరలేదు. తనవంటివారిని గూర్చి ఫార్‌స్టరు 1913, 1914 సంవత్సరములలో వ్రాసిన మారిస్ యను నవల ఆయన మరణించిన పిదప 1971లో గాని అచ్చుకాలేదు.

ఈ ఫార్‌స్టరు 1906లో సయ్యదు రాస్ మసూదు అను భారతీయ విద్యార్థికి లాటిను చెప్పెను. మసూదు సర్ సయ్యదు అహమ్మదు ఖానుగారి మనుమడు. శిష్యునిపై గురువునకు గాఢమైన ప్రేమ కలిగెను. కొన్నాళ్లకు దానిని నోరు విడిచి చెప్పెను. మసూదు ఆ ప్రేమను అదే రీతిని అందుకొనలేదు. అసహ్యించుకొననూ లేదు, నలుగురిలో బయటపెట్టనూ లేదు. బ్రదికినంత కాలము స్నేహితుడై యుండెను. ఆ స్నేహమే ఫార్‌స్టరును హిందూదేశమునకు రప్పించినది. 1913లో ఆయన మన మరాఠ్వాడాలోని ఔరంగాబాదుకు వచ్చి, వేరుళు గుహలు చూచెను. అప్పటి ఔరంగాబాదు నిజాము రాజ్యములోనిదే. మరల 1921లో దేవాసు మహారాజునకు కార్యదర్శిగా వచ్చి, ఆ పని ముగిసిన తరువాత హైదరాబాదునకు పోయి మసూదు యింట బస చేసెను. మసూదు అప్పుడు నిజాము ప్రభుత్వమున విద్యాశాఖకు అధిపతి. 1924లో వెలువడిన ఏ పాసేజ్ టు ఇండియా యను నవలను ఫార్‌స్టరు అంకితమిచ్చినది ఈ మసూదునకే.

సంవత్సరములు గమనింపుడు. 1919లో ఆ చట్టము వచ్చినది. 1921లో ఫార్‌స్టరు అదే హైదరాబాదులో తివాసీలపై కూర్చుండి స్నేహితులతో ఉర్దూ కవిత్వము వినుచు, స్వదేశమునందు కంటె నిశ్చింతగా నుండెను. ఆయన తెల్లవాడగుట ఒక కారణమే. ఆ కాలమున తెల్లవానిని నిలదీయు జవాను లేడు. ఆయన ప్రకృతి వేషమున కనబడకుండుట మరొకటి. అన్నిటికి మించి ఎవరింటికి వచ్చితిరని అడిగినచో చెప్పుటకు మసూదు పేరుండెను. అప్పటి హైదరాబాదు సమాజము ఆచారవిషయమున సడలినది కాదు. పరదా ఉన్నది, పెద్దల మాట చెల్లుచున్నది. ఆచారనిష్ఠగల ఊరన్నంత మాత్రమున భిన్నప్రకృతి గలవారికి అపాయకరమైన ఊరని తలపరాదు. అతిథిగా అంగీకరించు ఇల్లు ఉన్నదా లేదా, చట్టము చేతిలో రిజిస్టరు ఉన్నదా లేదా – వీటినిబట్టి అపాయము పెరుగును తరుగును. స్త్రీలను ప్రేమించిన స్త్రీల సంగతి మాత్రము ఈ చరిత్రలో ఇంకను మరుగుననే యున్నది. ఇద్దరు ఆడువారు కలిసి ప్రయాణించినచో ఎవరును అనుమానింపరు గాని, ఆ రోజులలో ప్రయాణమే వారికి లేదు.

1948లో నిజాము పాలన అంతరించెను. 1956 నవంబరు 1న రాజ్యమును మూడు ముక్కలు చేసినప్పుడు మన నాందేడు బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రకును వచ్చినది. ధర్మాబాదునకు ఆవలి గట్టున తెలంగాణలో ఆ 1329 ఫసలీ చట్టము మాత్రము పేరు మార్చుకొని బ్రదికియే యుండెను. ముందు ఆంధ్రప్రదేశ్ తెలంగాణ ప్రాంతపు చట్టమనియు, 2014 తరువాత తెలంగాణ చట్టమనియు దానికి క్రొత్త తలకట్టులు పెట్టిరి. దప్తరములో ధూళి పట్టిన కాగితము హానికరము కాదని తలచువారు 2018 మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో జరిగినది జ్ఞాపకము చేసికొనవలెను. రంజాను మాసమున భిక్షకై నగరమునకు వచ్చిన హిజ్రాలను పిల్లలనెత్తుకొనిపోవువారని పుకారు నమ్మిన గుంపు కొట్టినది, ఒకరు చనిపోయిరి. ఆ పుకారు సెల్‌ఫోనులలో వ్యాపించినది. కాని మాట పాతది. 1919 నాటి చట్టములోని అనుమానమే అది, అక్షరము మారలేదు. చనిపోయిన ఆమె ఊరికి క్రొత్త. ఆ వీథిలో ఈమె మాకు తెలిసినది, విడువుడు అని చెప్పగల గొంతు ఆ రాత్రి లేకపోయెను.

ఆ సంవత్సరమే వైజయంతి వసంత మొగ్లిగారు ఆ చట్టమును రద్దుచేయవలెనని హైకోర్టునకు పోయిరి. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి. వి. భాస్కరరెడ్డిగార్లు అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసిరి. నూట నాలుగేండ్లకు ఆ రిజిస్టరు మూతపడినది. 2024 డిసెంబరులో అదే నగరమున 39 మంది ట్రాన్స్‌జెండరులు ట్రాఫిక్ పోలీసులకు సహాయకులుగా ఉద్యోగమున చేరిరి. వీథిలో కనబడుటయే నేరమైన చోట, వీథి నడుమ నిలిచి బండ్లను ఆపుట వారి పనియైనది.

దేశమంతటికి సంబంధించిన మార్పులు మన పాఠకులు పత్రికలలో చదివినవే కనుక సంక్షేపించెదము. 2014 ఏప్రిలు 15న సుప్రీముకోర్టు తృతీయ ప్రకృతిని గుర్తించినది. 2016లో రైలు టిక్కెట్టు ఫారములలో వారికి ప్రత్యేకపు గడి వచ్చినది. 2018 సెప్టెంబరు 6న వయోజనుల పరస్పర సమ్మతిగల స్వలింగ సంబంధము నేరము కాదని అదే కోర్టు తీర్పు చెప్పెను. 2019 నాటి చట్టము 2020 జనవరిలో అమలునకు వచ్చినది. స్వలింగ వివాహమును మాత్రము 2023 అక్టోబరులో కోర్టు అంగీకరింపలేదు.

మన పిల్లలు ఇప్పుడు ఈ ఊరినుండి పుణెకు, పుణెనుండి సముద్రము దాటి పోవుచున్నారు. వారిలో ఇట్టి ప్రకృతి గలవారు లేరని ఏ తల్లిదండ్రులును ప్రమాణము చేయజాలరు. పోవు దేశపు చట్టము తెలియుట వారికి ప్రాణసంబంధమైన విషయము. కడప, గోదావరి జిల్లాలవారు వేలుగా పనిచేయు కువైటు దేశమున 2007లో ఒక నిబంధన వచ్చినది. ఎదుటి జాతివారి వేషభాషలను అనుకరించినచో ఒక సంవత్సరము వరకు ఖైదు, వెయ్యి దీనారుల వరకు జరిమానా. మన 1329 ఫసలీకి అది తమ్మునివంటిది! 2022 ఫిబ్రవరిలో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము దానిని కొట్టివేసినది. పురుషుల నడుమ సంబంధమును శిక్షించు వేరొక నిబంధనను ఆ తీర్పు తాకలేదు. 1955నుండి తెలుగు సంఘము నడుచుచున్న మలేషియాలో ఇరువది ఏండ్ల వరకు ఖైదు, కొరడా దెబ్బలు శిక్షాస్మృతిలో కలవు. ప్రక్కనున్న సింగపూరు ఆ నిబంధనను 2023 జనవరిలో తొలగించినది. చెరకు తోటలకు మన పూర్వులు పోయిన మారిషసులో 2023 అక్టోబరున అక్కడి సుప్రీముకోర్టు అట్టి నిబంధన చెల్లదనెను. పొరుగు దేశములే యైనను ఒకదాని వలె మరియొకటి లేదు.

ఇక మన యింటికి వచ్చువారి సంగతి. చదువునకో, ఉద్యోగమునకో, హుజూర్ సాహెబు దర్శనమునకో అట్టి అతిథి వచ్చినప్పుడు చేయవలసినవి పెద్ద పనులేమియు కావు. టిక్కెట్టుమీద, ఆధారు కార్డుమీద ఉన్న పేరు ఒకటి, మనిషి పిలిపించుకొను పేరు మరియొకటి అగుట కద్దు. లాడ్జి గుమాస్తా అక్కడనే ఆపును. కావున మనవారిలో ఒకరు వెంట పోయి నిలుచుట మేలు. రాత్రి రైలుకు వచ్చువారిని స్టేషనునుండి ఎవరైనను తోడ్కొని రావలెను. శరీరమును గూర్చియు పెండ్లిని గూర్చియు ప్రశ్నలు వేయుట మన యిండ్లలో ప్రేమకు గుర్తుగా చెల్లుబడియగును గాని, వీరి విషయమున అది ముల్లు. ప్రక్కింటివారు అడిగినప్పుడు వివరములు అక్కరలేదు. మా యింటికి వచ్చినారు, నాలుగు రోజులుందురు అనిన చాలును. ఆమె యనవలెనో ఆయన యనవలెనో తెలియనిచో, మన భాషలో "వారు" అను మాట యున్నది.